పొరల లోతు తెలిస్తే పేగు స్లైడు తెలుస్తుంది

మీరు రాసినది ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నారు, పదో తరగతి వరకు తెలుగు మీడియం. జీర్ణనాళం పొడవునా నాలుగే పొరలని పుస్తకం చెబుతోంది. హిస్టాలజీ (కణజాలాల చదువు) ల్యాబ్‌లో మాత్రం ఏ స్లైడు చూసినా గులాబీ, ఊదా రంగు మరకల్లాగే ఉంది. అన్నవాహిక ఏదో, జీర్ణాశయం ఏదో, పేగుల్లో ఏ భాగం ఏదో తేలడం లేదు. బట్టీ పట్టడమే దారా, రేపు డాక్టరయ్యాక దీనితో పనుంటుందా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

రెండోదానికి ముందు జవాబు చెబుతాను. అది తెలిస్తే మొదటిది సులువవుతుంది. నేను 22 ఏళ్లుగా పాథాలజీలో, అంటే కణజాలం చూసి జబ్బు చెప్పే పనిలో ఉన్నాను. నా బల్ల మీదికి వచ్చే ముక్కల్లో జీర్ణనాళానివి చాలా ఉంటాయి. ఎండోస్కోపీలో గిల్లి తీసిన బియ్యపుగింజంత ముక్క కావచ్చు, సర్జన్ కోసి పంపిన అడుగు పొడవు పేగు కావచ్చు. వాటి మీద నేను రాసే రిపోర్టు చాలాసార్లు ఒక్క సంగతి దగ్గరికే వచ్చి ఆగుతుంది: జబ్బు ఎంత లోతుకు దిగింది? ఆ లోతును కొలిచే స్కేలు మీరు బట్టీ పడుతున్న ఆ నాలుగు పొరలే. 'ఇన్ని మిల్లీమీటర్లు' అని రాయడం కన్నా 'ఫలానా పొర దాకా' అని రాస్తేనే సర్జన్‌కు ఎక్కువ తెలుస్తుంది.

అందుకని వాటిని పేర్ల జాబితాగా చదవకండి. తిండి వెళ్లే బోలు దగ్గర నిలబడి బయటికి నడుస్తున్నట్టు చూడండి. మొదట తగిలేది మ్యుకోసా, మీరు శ్లేష్మస్తరం అని చదివి ఉంటారు. దాని కింద సబ్‌మ్యుకోసా, అంటే అధఃశ్లేష్మస్తరం. తర్వాత అసలు కండరం, మస్కులారిస్ ప్రొప్రియా. అన్నిటికన్నా బయట సీరోసా, కొన్నిచోట్ల దాని బదులు అడ్వెంటీషియా. ఇంట్లో బోటి శుభ్రం చేయడం చూసినవాళ్లకు ఇది చేతికి తెలిసిన సంగతే. మేక పేగును తిరగేసి వేడినీళ్లు పోసి గీకితే జిగటగా, మెత్తగా ఊడి వచ్చేది మ్యుకోసా. ఎంత గీకినా ఊడకుండా, లాగినా తెగకుండా మిగిలే తెల్లటి పొర సబ్‌మ్యుకోసా, దాన్ని అంటిపెట్టుకుని కండరం. పైన నున్నగా, తడిగా మెరిసేది సీరోసా. ఒక్క జాగ్రత్త: బోటిలో తువ్వాలులా గరుగ్గా ఉండే ముక్క నెమరువేసే జంతువుల మొదటి పొట్టది. మనిషికి అలాంటిది లేదు. దాన్ని మన జీర్ణాశయంతో పోల్చుకుంటే తికమక పడతారు.

మ్యుకోసాను ఒకే పొరగా లెక్కపెడతాం గానీ అందులో మళ్లీ మూడు భాగాలున్నాయి. తిండిని తాకే కణాల వరస ఉపకళ. దానికి ఆసరాగా సన్నని రక్తనాళాలతో, రోగనిరోధక కణాలతో నిండిన మెత్తని కణజాలం లామినా ప్రొప్రియా. అడుగున సన్నటి కండరపు గీత, మస్కులారిస్ మ్యుకోసే. విద్యార్థులు ఎక్కువగా వదిలేసేది ఈ గీతనే. నా పనిలో అన్నిటికన్నా విలువైనదీ ఇదే. పొలానికి గట్టు ఎలాగో మ్యుకోసాకు ఇది అలాగ. జీర్ణాశయంలో ఒరుసుకుపోయిన చోటు ఈ గట్టుకు ఇవతలే ఆగితే అది ఎరోజన్, మచ్చ లేకుండా మానిపోతుంది. గట్టు తెగి కిందికి దిగితేనే దాన్ని అల్సర్ అంటాం. కింద సబ్‌మ్యుకోసాలో పెద్ద రక్తనాళాలు నడుస్తుంటాయి కాబట్టి అల్సర్ అయ్యాక రక్తం పోవచ్చు, మానినా మచ్చ మిగలవచ్చు, ఇంకా దిగితే కడుపుకు కన్నం పడవచ్చు. మందుల షాపు దగ్గర 'కడుపులో పుండు' అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. స్లైడు మీద మాత్రం ఆ ఒక్క గీతకు ఇటూ అటూ రెండు వేరే జబ్బులున్నాయి.

క్యాన్సర్ దగ్గర ఈ గట్టు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. పెద్దపేగులో కణాలు ఎంత వికారంగా మారినా మస్కులారిస్ మ్యుకోసేని దాటనంతవరకు దాన్ని టిస్ దశ అనే రాస్తాం, అంటే క్యాన్సర్ ఇంకా పుట్టినచోటే ఉందని (ఇక్కడ టి గడ్డ ఎంత లోతుకు దిగిందో చెప్పే గుర్తు). పెద్దపేగు మ్యుకోసా పైభాగంలో కణజాలపు ద్రవాన్ని మోసే లింఫ్ నాళాలు ఉండవు, పాకిపోవడానికి ఆ కణాలకు దారి దొరకదు. గట్టు దాటి సబ్‌మ్యుకోసాలో అడుగుపెడితే టి1. కండరంలోకి దిగితే టి2. కండరాన్ని దాటి బయటి కొవ్వులోకి వెళ్తే టి3. సీరోసా పైకి తేలినా, పక్క అవయవంలోకి చొచ్చుకుపోయినా టి4. ఈ కొలతలో మీకు తెలియని పేరు ఒక్కటీ లేదు. అన్నవాహికలో, జీర్ణాశయంలో సంగతి వేరు. అక్కడ మ్యుకోసాలోనే లింఫ్ నాళాలుంటాయి, అందుకని లామినా ప్రొప్రియాలోకి దిగినా టి1ఎ కింద లెక్క. అదే లోతు, అవయవం మారగానే అర్థం మారిపోతుంది. కొలనోస్కోపీలో కోసి తీసిన పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచిన చిన్న కండ) నా దగ్గరికి వచ్చినప్పుడు, క్యాన్సర్ గట్టు దాటలేదని రాస్తే చాలాసార్లు ఆ చికిత్స అక్కడితో సరిపోతుంది, తర్వాత క్రమంగా పరీక్షలు చేయించుకుంటే చాలు. లోతుగా దాటిందని రాస్తే పేగు కోసే ఆపరేషన్ గురించి మాట్లాడాల్సి వస్తుంది. ఆ వాక్యం రాసే ముందు నేను ఇప్పటికీ స్లైడును పక్కన పెట్టి, కాసేపాగి మళ్లీ చూస్తాను. అనుమానం తీరకపోతే ముక్కను పొదిగిన మైనపు బ్లాకును ఇంకొంచెం లోతుకు కోయించి కొత్త స్లైడులు తెప్పించుకుంటాను.

సబ్‌మ్యుకోసా చూడటానికి ఏమీ లేనట్టుంటుంది, వదులుగా అల్లిన కొల్లాజెన్ పోగులు, రక్తనాళాలు, అంతే. పేగు గోడకు బలమంతా అక్కడే ఉంది. రెండు పేగు చివరలను కలిపి కుట్టేటప్పుడు సూది ఈ పొరను పట్టుకోకపోతే కుట్టు నిలవదని అమెరికన్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1887లో కుక్కల మీద చేసిన ప్రయోగాలతో చూపించాడు. పేగు కుట్టే సర్జన్లు ఇప్పటికీ ఆ సూత్రాన్నే పాటిస్తారు. క్యాట్‌గట్ అనే పాత కుట్టుదారం పేరు విని ఉంటారు. దానికీ పిల్లికీ సంబంధం లేదు, గొర్రె పేగు సబ్‌మ్యుకోసా నుంచి తీసేవారు. సాసేజ్ తొడుగుగా వాడే అసలైన పేగు పొర కూడా ప్రధానంగా ఇదే.

కండరం రెండు వరసలు: లోపల చుట్టూ తిరిగేది, బయట పొడవునా సాగేది. అడ్డంగా కోసిన స్లైడులో లోపలి వరస కణాలు కదుళ్లలా పొడుగ్గా కనిపిస్తాయి, బయటి వరస కణాలు చుక్కలుగా కనిపిస్తాయి, ఎందుకంటే వాటిని మనం అడ్డంగా నరికాం. ఈ రెండింటి మధ్య సన్నని సందులో అక్కడక్కడా లేత గులాబీ గుంపులు కనిపిస్తే ఆగండి. పెద్ద గుండ్రటి కేంద్రకం, మధ్యలో స్పష్టమైన చుక్క ఉన్న కణాలవి, గ్యాంగ్లియన్ కణాలు, నాడీకణాలే. ఈ అల్లిక పేరు ఆవర్‌బాక్ ప్లెక్సస్. సబ్‌మ్యుకోసాలో ఉండేది మైస్నర్ ప్లెక్సస్. జీర్ణనాళం గోడలో మొత్తం 10 కోట్లకు పైగా నాడీకణాలుంటాయి. తిన్నది ముందుకు తోయమని మెదడు ప్రతిసారీ చెప్పనక్కర్లేదు, ఈ అల్లిక సొంతంగానే నడిపించగలదు.

ఆ కణాలు లేకపోతే ఏమవుతుందో నా కళ్లారా చూశాను. పుట్టి వారమైన పసిబిడ్డ, రెండు రోజులు దాటినా మొదటి నల్లటి విరేచనం కాలేదు, పొట్ట ఉబ్బిపోయింది. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బేమోనని పురీషనాళం నుంచి చిన్న ముక్క తీసి పంపారు. డెన్మార్క్ పిల్లల డాక్టర్ హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో వర్ణించిన జబ్బు ఇది. సుమారు 5,000 కాన్పుల్లో ఒకరికి వస్తుంది. పిండదశలో నాడీకణాలు పైనుంచి కిందికి వలస వస్తూ పేగు చివరిదాకా చేరకుండా మధ్యలోనే ఆగిపోతాయి. అవి చేరని భాగం ముడుచుకునే ఉండిపోతుంది. పైభాగం మలంతో ఉబ్బిపోతుంది. బయటికి జబ్బుపడ్డట్టు కనిపించే ఉబ్బిన పేగు నిజానికి ఆరోగ్యమైనది, మామూలుగా కనిపించే సన్నని భాగమే జబ్బుది. మాకు వచ్చిన ముక్కలో మ్యుకోసా తప్ప మరేం లేదు. గ్యాంగ్లియన్ కణాలు కనబడలేదని రాయడం సులువే, కానీ అవి ఉండాల్సిన పొరే ఆ ముక్కలో లేదు. సబ్‌మ్యుకోసా లేదు, ఈ ముక్కతో ఏమీ చెప్పలేనని రాసి, సర్జన్‌కు ఫోన్ చేసి రెండో ముక్క అడిగాను. ఆ తల్లిదండ్రులకు ఇంకో రెండు రోజుల ఆందోళన. రెండో ముక్కలో సబ్‌మ్యుకోసా దండిగా ఉంది, అందులో వరసగా ఎన్ని స్లైడులు కోసినా గ్యాంగ్లియన్ కణం ఒక్కటీ లేదు, బదులుగా లావెక్కిన నరాలున్నాయి. అప్పుడు ధైర్యంగా రాయగలిగాను. పొరలెందుకు నేర్చుకోవాలి అని ఎవరడిగినా నాకు ఆ మొదటి ముక్కే గుర్తొస్తుంది.

బయటి పొర గురించి ఒక్క మాట. ఉదరంలో వేలాడే భాగాలకు సీరోసా అనే నున్నని తొడుగు ఉంటుంది. అన్నవాహిక చాలావరకు ఛాతీలో ఉంటుంది, అక్కడ సీరోసా లేదు, చుట్టుపక్కల కణజాలంతో కలిసిపోయే అడ్వెంటీషియానే. అందుకే అక్కడి క్యాన్సర్ కండరం దాటగానే పక్కనున్న వాటిని తొందరగా పట్టుకుంటుంది, కుట్లు కూడా కష్టంగా నిలుస్తాయి.

ఇక అవయవాలను గుర్తుపట్టడం. స్లైడులకు మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ (హిమటాక్సిలిన్, ఇయోసిన్) రంగులో కేంద్రకాలు నీలి ఊదాగా, జీవద్రవ్యం, కండరం, కొల్లాజెన్ గులాబీగా కనిపిస్తాయని ముందు గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ప్రతి స్లైడునూ ఒకటే అడగండి: ఇక్కడి గోడ ఏ పని చేస్తోంది, దేన్ని తట్టుకుంటోంది?

అన్నవాహిక 25 సెంటీమీటర్ల గొట్టం. దాని పని తిండిని కిందికి పంపడమే, పీల్చుకోవడం కాదు. ముద్ద ఒరుసుకుంటూ పోతుంది, వేడి సాంబారూ పోతుంది. అందుకని లోపల పొలుసుల్లాంటి కణాలు వరసల మీద వరసలుగా పేర్చిన మందపాటి ఉపకళ ఉంటుంది. పైవి రాలిపోతుంటే కిందివి పైకి వస్తుంటాయి. చర్మంలా పైన కెరటిన్ పొర ఉండదు. మస్కులారిస్ మ్యుకోసే ఇక్కడ బాగా మందం, చాలామంది దాన్నే అసలు కండరం అనుకుని పొరపడతారు. సబ్‌మ్యుకోసాలో జిగురు గ్రంథులుంటాయి. కండరం పైభాగంలో చారల కండరం, కింద నునుపు కండరం, మధ్యలో రెండూ కలిసి. గమనించండి, చారలున్నంత మాత్రాన అది మన ఇష్టప్రకారం నడవదు, ముద్ద గొంతు దాటాక మన చేతిలో ఏమీ లేదు. ఇంకో సంగతి: ల్యాబ్‌లోని స్లైడు కుక్కదైతే అన్నవాహిక మొత్తం చారల కండరమే కనిపిస్తుంది. అది చూసి మనిషి గురించి చదివింది తప్పేమోనని కంగారుపడకండి.

అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట ఉపకళ ఒక్కసారిగా మారిపోతుంది. వరసల పొలుసు కణాలు ఆగిపోయి, ఒకే వరస స్తంభాకార కణాలు మొదలవుతాయి. మధ్యలో మెల్లగా మారే భాగం లేదు, తడిక కట్టినట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆమ్లం పైకి తంతుంటే అన్నవాహిక కింది భాగం తన పొలుసుల ఉపకళను వదిలి, గోబ్లెట్ కణాలతో (పేగులో ఉండే గిన్నె ఆకారపు జిగురు కణాలు) పేగులాంటి ఉపకళను తెచ్చుకుంటుంది. అదే బ్యారెట్ అన్నవాహిక. అక్కడి నుంచి క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది కాబట్టే ఎండోస్కోపీ చేసేవాళ్లు ఆ సరిహద్దును అంత శ్రద్ధగా చూస్తారు.

జీర్ణాశయం స్లైడంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. పై వరసలో అన్నీ జిగురు కణాలే, ఒక్క గోబ్లెట్ కణమూ ఉండదు. ఉంటే ఏదో జరిగినట్టే, పేగు ఉపకళ అక్కడికి చొరబడిందని రాస్తాం. ఉపరితలం నుంచి చిన్న గుంటలు దిగుతాయి, ఆ గుంటల అడుగున పొడవాటి గొట్టాల్లాంటి గ్రంథులు తెరుచుకుంటాయి. జీర్ణాశయం పైభాగమైన ఫండస్‌లో, నడిమి భాగమైన బాడీలో ఆ గ్రంథుల్లో రెండు రకాల కణాలను వెతకండి. గుండ్రంగా, ముదురు గులాబీగా, మధ్యలో కేంద్రకంతో వేయించిన కోడిగుడ్డులా ఉండేవి పెరైటల్ కణాలు. ఆమ్లం వీటిదే. ఆమ్లాన్ని తోడి బయటికి పంపాలంటే బోలెడంత శక్తి కావాలి, అందుకని వీటి నిండా మైటోకాండ్రియాలే. ఆ గులాబీ రంగు అందువల్లే వచ్చింది. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఎంతోమంది వేసుకునే పాంటాప్రజోల్ మాత్ర పనిచేసేది సరిగ్గా ఈ కణం గోడలోని పంపు మీదే. గ్రంథి అడుగు భాగంలో ఊదాగా కనిపించేవి చీఫ్ కణాలు, ప్రోటీన్‌ను అరిగించే పెప్సిన్‌కు ముందు రూపమైన పెప్సినోజెన్‌ను తయారుచేస్తాయి. ప్రోటీన్ తయారీ ఎక్కువ కాబట్టి ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ, కాబట్టి ఊదా రంగు. చూశారా, రంగు కూడా పనే చెబుతోంది.

పెరైటల్ కణాలే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌నూ తయారుచేస్తాయి. అది లేకపోతే విటమిన్ బి12 చిన్నపేగు చివరి భాగమైన శేషాంత్రికం చివర పీల్చుకోబడదు. రోగనిరోధక వ్యవస్థ పొరపాటున ఈ కణాలను నాశనం చేస్తే ఎంత బి12 తిన్నా రక్తహీనత వస్తుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరి కాళ్లది, జబ్బు జీర్ణాశయం గ్రంథిది.

కండరం విషయంలో జీర్ణాశయానికి మూడో వరస ఉంది, అన్నిటికన్నా లోపల ఏటవాలుగా. తిప్పి రుబ్బే పని కదా. అయితే స్లైడులో మూడు వరసలూ విడివిడిగా తేలతాయని ఆశపడకండి, చాలాసార్లు తేలవు. జీర్ణాశయం కింది భాగమైన ఏంట్రమ్ వైపు వస్తే గుంటలు లోతుగా, గ్రంథులు జిగురు రకంగా మారతాయి. ఆమ్లం ఊరేలా చేసే గ్యాస్ట్రిన్ వదిలే జి కణాలు అక్కడే ఉంటాయి.

ఏంట్రమ్ అనగానే ఒక పాథాలజిస్టును తలుచుకోవాలి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ 1979లో జీర్ణాశయం బయాప్సీల్లో, ఉపరితలం మీది జిగురు కింద వంకర తిరిగిన బ్యాక్టీరియాను గమనించాడు. అంత ఆమ్లంలో ఏదీ బతకదని అప్పటి నమ్మకం. ఆయన వాటిని వెండి రంగుతో స్పష్టంగా కనిపించేలా చేసి, అవి ఉన్నచోట మంట (ఇన్‌ఫ్లమేషన్) ఉందని పట్టుబట్టాడు. తర్వాత యువ డాక్టర్ బ్యారీ మార్షల్ ఆయనతో కలిశాడు, 1982లో ఆ బ్యాక్టీరియాను పెంచగలిగారు, 1984లో మార్షల్ దాన్ని తానే తాగి మంట తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మొదలంతా ఒక మనిషి ఉపకళ పైన ఉన్న సన్నటి జిగురు పొరను ఓపికగా చూడటమే. నా పనిలో విసుగు పుట్టినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది.

చిన్నపేగుకు రండి. ఇక్కడి పని పీల్చుకోవడం, దానికి విస్తీర్ణం కావాలి. అందుకే మడతలు, మడతల మీద వేళ్లలాంటి చూషకాలు, ప్రతి కణం మీద మళ్లీ సూక్ష్మ చూషకాలు. చూషకం ఎత్తు అర నుంచి ఒక మిల్లీమీటరు. ఈ ఉపరితలం టెన్నిస్ కోర్టంత ఉంటుందని మా చదువు రోజుల్లో చెప్పేవారు, ఇప్పటికీ చాలాచోట్ల అదే రాస్తున్నారు. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిచి, మొత్తం జీర్ణనాళం ఉపరితలం సుమారు 32 చదరపు మీటర్లని, అందులో చిన్నపేగుది 30 దాకా అని తేల్చారు. అంటే బ్యాడ్మింటన్ కోర్టులో సగం కన్నా తక్కువ. వైవాలో పాత లెక్క చెప్పకండి.

చూషకాల మధ్య కిందికి దిగే గుంటలు లీబర్‌కూన్ గుహికలు. వాటి అడుగున మూలకణాలు విభజన చెందుతూ ఉంటాయి, కొత్త కణాలు చూషకం పక్కగా పైకి ఎక్కుతూ మూడు నుంచి ఐదు రోజుల్లో కొనకు చేరి రాలిపోతాయి. క్యాన్సర్ మందులు విభజన చెందే కణాలను కొడతాయి కాబట్టి కీమో తీసుకునేవాళ్లకు విరేచనాలవడానికి ఈ గుహికలు దెబ్బతినడం ఒక కారణం. అక్కడే, గుహిక అడుగునే, ఎర్రటి గులాబీ రేణువులున్న పానెత్ కణాలుంటాయి. క్రిములను చంపే లైసోజైమ్, డిఫెన్సిన్లు వాటి రేణువుల్లోవే. మూలకణాల పక్కన కాపలాకు కూర్చున్నట్టుంటాయి.

చిన్నపేగు మూడు భాగాలను, అంటే మొదటిదైన ఆంత్రమూలాన్ని, నడిమి జెజునాన్ని, చివరి శేషాంత్రికాన్ని విడదీయడానికి ఉపకళను చూస్తూ కూర్చోకండి, సబ్‌మ్యుకోసా వైపు దిగండి. అక్కడ లేత రంగు జిగురు గ్రంథుల గుంపులుంటే అది ఆంత్రమూలం. అవి బ్రన్నర్ గ్రంథులు, జీర్ణాశయం నుంచి దూకే ఆమ్లాన్ని విరిచే క్షార ద్రవం వాటిది. జీర్ణనాళం మొత్తంలో సబ్‌మ్యుకోసాలో గ్రంథులుండే చోట్లు రెండే, అన్నవాహిక, ఆంత్రమూలం. ఇది ఒక్కటి గుర్తుంటే పరీక్షలో రెండు స్లైడులు చేతికొచ్చినట్టే. నీలి చుక్కల పెద్ద పెద్ద ముద్దలు పక్కపక్కనే ఉంటే, అవి పేయర్ ప్యాచెస్ అనే లింఫ్ కణజాలం, అది శేషాంత్రికం. రెండూ లేక, పొడవాటి చూషకాలతో ఎత్తైన మడతలుంటే జెజునం.

పేయర్ ప్యాచెస్ మన ఊళ్లలో ఇంకా కనిపించే రెండు జబ్బులను విడదీస్తాయి. టైఫాయిడ్ క్రిములు వాటి మీదుగానే లోపలికి చొరబడతాయి. ఆ ప్యాచెస్ పేగు పొడవునా సాగి ఉంటాయి కాబట్టి పుండ్లూ పొడవుగానే పడతాయి, వైద్యం అందకపోతే మూడో వారంలో అక్కడే కన్నం పడే ప్రమాదం. పేగు టీబీ లింఫ్ నాళాల వెంట నడుస్తుంది. అవి పేగును చుట్టి వస్తాయి, అందుకని పుండ్లు అడ్డంగా పడతాయి. అడ్డంగా పడిన పుండు మానేటప్పుడు ఉచ్చు బిగించినట్టు పేగును ఇరుకు చేస్తుంది, టైఫాయిడ్ పుండు అలా చేయడం అరుదు. పుండు ఏ దిక్కున పడుతుందో కూడా కణజాలమే నిర్ణయించింది.

చూషకాలే చదునైపోతే తిన్నది ఒంటబట్టదు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బులోనూ, ఉష్ణదేశాల స్ప్రూలోనూ జరిగేది ఇదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను బలిగొన్నది ఆ స్ప్రూనే. ఆయన తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, స్ప్రూ చికిత్సలో అది ఇప్పటికీ వాడతారు. మామూలు చూషకం ఎత్తు గుహిక లోతుకు దాదాపు మూడింతలుండాలి. ఆంత్రమూలం బయాప్సీ వచ్చిన ప్రతిసారీ నేను మొదట ఆ నిష్పత్తే చూస్తాను. అయితే ముక్క వాలుగా కోసుకుపోతే మంచి చూషకం కూడా పొట్టిగా కనిపిస్తుంది, కనీసం మూడు నాలుగు చూషకాలు నిలువుగా వరసగా దొరికేదాకా ఏమీ అనకూడదు.

పెద్దపేగు తేలిక. చూషకాలు లేవు, పైభాగం చదును, పరీక్షనాళికలు వరసగా నిలబెట్టినట్టు నిటారు గుహికలు, వాటి నిండా గోబ్లెట్ కణాలు. నీరు పీల్చేకొద్దీ గట్టిపడే మలం జారాలంటే జిగురు కావాలి కదా. బయటి పొడవు కండరం ఇక్కడ మూడు పట్టీలుగా చేరుతుంది, కాబట్టి స్లైడులో కొన్నిచోట్ల అది మందంగా, కొన్నిచోట్ల పల్చగా ఉంటే కంగారుపడకండి. అపెండిక్స్ కూడా ఇలాగే, కాకపోతే చిన్న గుండ్రటి కోత, చుట్టూ లింఫ్ ముద్దలు, పట్టీలు లేని నిండు కండరం. పాయువు దగ్గర మళ్లీ పొలుసుల ఉపకళ వస్తుంది. ఆ మారే గీతకు పైన నొప్పి తెలియదు, కింద చర్మానికి తెలిసినట్టే తెలుస్తుంది. లోపలి మొలలు నొప్పి లేకుండా రక్తం కారడానికి, బయటివి కూర్చోనివ్వకపోవడానికి కారణం అదే. పిత్తాశయం స్లైడు పక్కన పెడితే మోసపోకండి, దానికి మస్కులారిస్ మ్యుకోసే లేదు, సబ్‌మ్యుకోసా లేదు.

రేపు ల్యాబ్‌లో ఇలా చేయండి. స్లైడును ముందు కంటికి ఎత్తి పట్టుకుని చూడండి, బోలు ఎటుందో తెలుస్తుంది. తర్వాత నాలుగు రెట్లే పెద్దది చేసే కటకం, 4ఎక్స్‌లోనే కనీసం ఐదు నిమిషాలు ఉండండి, 40ఎక్స్‌కు దూకడమే అందరూ చేసే తప్పు. మస్కులారిస్ మ్యుకోసేని వెతికి పెన్సిల్‌తో ముందు ఆ గీతే గీయండి, దానికి పైన ఏముందో, కింద ఏముందో తర్వాత నింపండి. ఉపకళ ఏ రకం, గుంటలా చూషకాలా, సబ్‌మ్యుకోసాలో గ్రంథులున్నాయా, లింఫ్ ముద్దలున్నాయా, ఈ నాలుగూ చూస్తే అవయవం బయటపడుతుంది. చూషకాలు బోడిగా, ఉపకళ లేకుండా కనిపిస్తే మీ కళ్ల తప్పు కాదు. పేగు ప్రాణం పోయిన కొద్ది గంటల్లోనే తన మ్యుకోసాను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది, ఫార్మలిన్‌లో ఆలస్యంగా వేసిన శవపరీక్ష ముక్కలతో చేసిన పాత స్లైడులు అలాగే ఉంటాయి. అలాంటిది వస్తే పక్క పెట్టెలోంచి ఇంకోటి అడిగి తీసుకోండి. అప్పటికీ తేలకపోతే 4ఎక్స్‌లో ఒక ఫొటో, 10ఎక్స్‌లో ఒక ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, మీరు గీసిన బొమ్మ కూడా పక్కన ఉంచండి. గట్టు ఎక్కడ గీశారో చూసి చెబుతాను.